రంగు పోయిన లాకెట్టు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి సమస్తం తెలుసని మన చుట్టాలకి ఒక గట్టి నమ్మకం. ప్రింటర్ మొరాయించినా, బ్యాంకు ఓటీపీ రాకపోయినా, ఇన్వర్టర్ కుయ్‌మన్నా ఫోన్ నాకే వస్తుంది. ఎడిసన్‌లో కూర్చుని తెనాలిలో ఇన్వర్టర్ బాగుచేయించిన ఘనత కూడా నాకుంది. అయితే 2023 వేసవిలో వచ్చిన పంచాయితీ మాత్రం నా సిలబస్‌లో లేనిది. మా పిన్ని లాకెట్టులో రాయికి రంగు పోయింది. పోయింది రంగేనా, లేక రాయే మారిపోయిందా అన్నది తేలాలి. తేలకపోతే ఒక పెద్దమనిషి పరువు పోయేట్టుంది.

ముందు కథ చెప్పి, తర్వాత రాళ్ళ సంగతికి వస్తాను. కాస్త ఓపిగ్గా చదవండి, ఇలాంటి రాయి మీ ఇంట్లో కూడా ఒకటి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

2019లో పిన్నీ బాబాయీ డాలస్‌లో మా చెల్లెలి దగ్గరికొచ్చి అయిదు నెలలున్నారు. వెళ్ళేముందు చెల్లెలు ఒక మాల్‌లో వాళ్ళమ్మకి లాకెట్టు కొంది. ఉద్యోగంలో చేరాక తన డబ్బుతో అమ్మకి కొన్న మొదటి నగ అది. పద్నాలుగు క్యారెట్ల బంగారం. (మనవాళ్ళు పద్నాలుగు క్యారెట్లని బంగారం కింద జమకట్టరనుకోండి, అది వేరే సంగతి.) మధ్యలో చింతగింజ కన్నా కొంచెం చిన్న కోడిగుడ్డు ఆకారపు రాయి. ఇటు తిప్పితే నెమలికంఠం ఆకుపచ్చ, అటు తిప్పితే వంగపండు రంగు, మధ్యలో గులాబి. పిన్నికి తెగ నచ్చేసింది. తెనాలిలో ఏ పెళ్ళికెళ్ళినా "మా అమ్మాయి అమెరికాలో కొంది" అని చెప్పుకునేది.

నాలుగేళ్ళకి లాకెట్టు కొక్కెం అరిగింది. పిన్ని దాన్ని ఆచారిగారికి ఇచ్చింది. ఆచారిగారంటే పిన్ని పెళ్ళికి మంగళసూత్రాలు చేసినాయన. మా చెల్లెలి చెవులు కుట్టిందీ ఆయనే. రెండు రోజుల తర్వాత కొక్కెం చక్కగా వచ్చింది. రాయి మాత్రం మంచినీళ్ళ చుక్కలా తెల్లగా వచ్చింది. ఆకుపచ్చా లేదు, వంగపండూ లేదు.

ఇంకేముంది! అసలు రాయి తీసేసి గాజుపెంకు పెట్టాడని బాబాయి తేల్చేశాడు. పిన్ని పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళకి చెప్పింది. కంసాలి మీద అనుమానపు సామెతలు మన భాషలో చాలానే ఉన్నాయి కదా, మాట పడటానికి పెద్ద ఆధారాలు అక్కర్లేదు. ఆచారిగారికి డెబ్భై దాటాయి. "రాయి ఖరీదెంతో చెప్పండమ్మా, ఇచ్చుకుంటాను. కానీ తీశానని మాత్రం అనకండి" అన్నాడట. ఆ మాట పిన్ని నాకు చెప్తున్నప్పుడే ఆమె గొంతులో తేడా తెలిసింది. అనుమానమూ వదలట్లేదు, ఆయన్ని అనుమానించడానికీ మనసొప్పట్లేదు.

నేను ఆచారిగారితో మాట్లాడతానన్నాను. బాబాయి ఫోన్ పట్టుకుని ఆయన కొట్టుకి వెళ్ళాడు, వీడియో కాల్. ఆయన చెప్పింది ఇదీ:

"నిప్పు తగిలితే రాయి పగుల్తుందని ముందే ఊడదీశాను బాబూ. తీసి చూస్తే రాయి అడుగున ఏదో జిడ్డు మరక. నీళ్ళ మీద కిరసనాయిలు పడితే ఎట్టా ఉంటదో అట్టా ఉంది. సబ్బుతో కడిగితే పోలా. మెరుగుపొడి పెట్టి రుద్దితే పోయింది. ఎంత తేటగా వచ్చిందో రాయి అని సంతోషపడ్డాను కూడా."

ఆ 'జిడ్డు మరక'లోనే అంతా ఉంది. ఆయన పని శ్రద్ధగా చేశాడు. చేసినందుకే మాట పడ్డాడు.

ఇక రాళ్ళ సంగతి. చెల్లెల్ని అడిగితే లాకెట్టుతో వచ్చిన కార్డు ఫొటో పంపింది. 'మిస్టిక్ టోపాజ్' అని ఉంది, కింద బరువు, కొలతలు ఉన్నాయి. అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఈ మిస్టిక్ టోపాజ్ 1990ల చివర్లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. రాయి నిజం రాయే, భూమిలోంచి తవ్వి తీసిన టోపాజే. కానీ అది రంగులేని టోపాజ్. అది విరివిగా, చవగ్గా దొరుకుతుంది. దాన్ని సానబెట్టి, గాలి తీసేసిన గదిలో పెట్టి, టైటానియంలాంటి లోహాల ఆవిరితో అడుగుభాగానికి పల్చటి పొర పట్టిస్తారు. కనిపించే రంగులన్నీ ఆ పొరవే.

ఆ పొరలో మనం అనుకునే రంగు, అంటే గోడకి వేసే పెయింట్‌లాంటిది ఉండదు. సబ్బు బుడగలో రంగెక్కడిది? సబ్బునీళ్ళకి రంగు లేదు, గాలికి రంగు లేదు, బుడగ మీద మాత్రం ఏడు రంగులూ కనిపిస్తాయి. వానకి తడిసిన రోడ్డు మీద పెట్రోలు ఒలికినా అంతే. పల్చటి పొర పైముఖం నుంచి కొంత వెలుగు వెనక్కొస్తుంది, లోపలి ముఖం నుంచి ఇంకొంత వస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడు పొర మందాన్ని బట్టి కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రాయిని తిప్పితే వెలుగు నడిచే దూరం మారుతుంది, రంగూ మారుతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన పాఠం ఇరవై ఏళ్ళ తర్వాత పిన్ని మెళ్ళో తగిలిందన్నమాట.

ఈ పొర మందం కొన్ని వందల నానోమీటర్లకి మించదు. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. నేను ఒక ఉజ్జాయింపు లెక్క వేసి చూశాను. పిన్ని రాయి మీదున్న పూత మొత్తం బరువు మిల్లీగ్రాములో పదోవంతు దరిదాపుల్లో ఉంటుంది. అంతా కలిపి చిటికెడు కూడా కాని ఆ పూత కోసం నలభై ఏళ్ళ నమ్మకం తెగిపోయేలా ఉంది.

సరే, రంగు అలా పోవచ్చని తెలిసింది. కానీ ఇది అదే రాయి అని బాబాయికి రుజువు కావాలి. "నువ్వు చెప్పే సైన్సు బాగానే ఉంది గానీ..." అన్నాడు. నాకు నచ్చింది. బగ్ ఎక్కడుందో ఊహించడం వేరు, చూపించడం వేరు.

కార్డు మీద 4.40 క్యారెట్లు, 11 మిల్లీమీటర్ల పొడవు, 9 వెడల్పు అని ఉంది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అంటే రాయి 0.88 గ్రాములు తూగాలి. టోపాజ్ నీటికన్నా మూడున్నర రెట్లు బరువు. మామూలు గాజు దాదాపు రెండున్నర రెట్లే. అమెరికన్ డైమండ్ అని మనం పిలిచే క్యూబిక్ జిర్కోనియా అయిదున్నర రెట్లు దాటుతుంది. కాబట్టి అదే కొలతల్లో గాజుపెంకు పెడితే 0.62 గ్రాముల దగ్గర తూగుతుంది, జిర్కోనియా పెడితే 1.4 గ్రాములు దాటిపోతుంది. ఆచారిగారు రాయిని మళ్ళీ ఊడదీసి, బాబాయి కళ్ళముందే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాడు. 0.88.

ఒక టోపాజ్ తీసి, అచ్చంగా అదే కొలతల టోపాజ్ ఎవరైనా పెడతారా అంటే, పెట్టినా మిగిలేదేమీ లేదు. ముందే చెప్పినట్టు ఆ తెల్ల రాయి ఖరీదైంది కాదు. బాబాయి కాసేపు కాటా వంకే చూసి ఫోన్ కట్ చేశాడు.

మా వాళ్ళలో నోటితో క్షమాపణ చెప్పుకునే అలవాటు తక్కువ. మర్నాడు పిన్ని ఆచారిగారింటికి వెళ్ళి, మనవడికి మొలతాడు చెయ్యమని ఇచ్చి, కాఫీ తాగి వచ్చింది. పక్కింటి ఇద్దరికీ తనే మళ్ళీ వెళ్ళి అసలు సంగతి చెప్పిందట. "చెడ్డమాట చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టిందిరా, మంచిమాట నమ్మించడానికి పూట పట్టింది" అంది నాతో.

ఇదంతా అయ్యాక నాకు కుతూహలం ఆగలేదు. ఓక్ ట్రీ రోడ్డులో ఒక నగల కొట్టాయన్ని అడిగాను, దొరికింది చదివాను. పూత రాళ్ళంటే ఒక్క మిస్టిక్ టోపాజే కాదు. స్ఫటికానికి బంగారపు ఆవిరి పట్టిస్తే ఆకాశనీలం రంగొస్తుంది, దాన్ని ఆక్వా ఆరా అంటారు. లేత రంగు టాంజనైట్‌కి కోబాల్ట్ ఉన్న పూత వేసి ముదురుగా చూపిస్తున్నారని 2008లో అమెరికా ల్యాబులు పట్టుకున్నాయి. పసుపు ఛాయ ఉన్న వజ్రానికి అడుగున కాస్త నీలమో ఊదానో పూస్తే పసుపు కనబడకుండా పోతుంది. తెల్ల పంచెలకి నీలిమందు పెట్టడం లాంటిదే ఇది. అందుకే జీఐఏ ల్యాబ్ పూత వేసిన వజ్రాలకి గ్రేడింగ్ రిపోర్టు ఇవ్వదు.

అలాగని రంగు మార్చిన ప్రతి రాయీ పూత రాయి కాదు. మార్కెట్లో దొరికే నీలం టోపాజ్‌లో అత్యధిక భాగం రంగులేని టోపాజ్‌కి రేడియేషన్ ఇచ్చి, వేడిచేసి తెచ్చిన రంగే. కానీ ఆ రంగు రాయి లోపలంతా ఉంటుంది. అరగదీసినా, పగలగొట్టినా ముక్క నీలంగానే ఉంటుంది. పూత రాయి సంగతి అలా కాదు, రంగంతా చర్మం మీదే. తేడా పట్టుకోవాలంటే రాయిని బోర్లా తిప్పి, పదింతలు చూపే భూతద్దంలో అడుగు పలకల్ని చూడాలి. పూత ఉంటే జిడ్డులాంటి రంగుల మెరుపు ఉపరితలం మీదే తేలుతూ కనిపిస్తుంది. పలకలు కలిసే అంచుల దగ్గర సన్నటి తెల్ల గీతలు కనిపిస్తే అక్కడ పూత లేచిపోవడం మొదలైందన్నమాట.

"పైన పటారం, లోన లొటారం" అని మీరనొచ్చు. నేను అలా అనను. రాయికి అందం అరువివ్వడం మనకి కొత్తేం కాదు. కుందనం నగల్లో, పాతకాలం కెంపుల నగల్లో, ఇప్పుడు మన పెళ్ళిళ్ళలో ఎక్కువగా కనబడుతున్న అన్‌కట్ వజ్రాల సెట్లలో రాయి వెనక మెరిసే పల్చటి రేకు పెట్టి, వెనకంతా మూసేస్తారు. వెలుగు ఆ రేకు మీద పడి తిరిగొస్తేనే రాయికి ఆ కళ. ఇటలీలో చెల్లీనీ అనే కంసాలి పదహారో శతాబ్దంలోనే రాళ్ళ కింద పెట్టే రేకుల గురించి పుస్తకంలో వివరంగా రాశాడు. అది మోసం కాదు, పనితనం. మన అమ్మమ్మలకి ఆ సంగతి తెలుసు. "కెంపుల నగ నీళ్ళల్లో పెట్టకే, రాయి నల్లబడుద్ది" అని కూతుళ్ళకి చెప్పేవాళ్ళు. లోపలికి నీరు దిగితే రేకు పాడవుతుందని వాళ్ళకి అనుభవం మీద తెలుసు. నగతో పాటు ఆ జాగ్రత్త కూడా చేతులు మారేది. కొత్త పూత రాళ్ళకి ఆ అమ్మమ్మ మాట ఇంకా తయారు కాలేదు. అదీ వచ్చిన చిక్కు.

కాబట్టి ఆ మాటలేవో మనమే తయారు చేసుకుందాం. నాకు తెలిసినంతలో ఇవీ:

మొదటిది, కడగడం. బంగారమంటే మనకి కుంకుడు రసంలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దడం అలవాటు. ఉత్త బంగారు గొలుసుకి అది భేషుగ్గా పనిచేస్తుంది. పూత రాయికి నానబెట్టడమూ వద్దు, బ్రష్షూ వద్దు. టూత్‌పేస్టు, పళ్ళపొడి, వంటసోడా అసలే వద్దు. అవన్నీ అరగదీసి శుభ్రం చేసే సరుకులు, వాటికి మురికికీ పూతకీ తేడా తెలీదు. నిమ్మరసం, చింతపండు కూడా దగ్గరికి రానివ్వకండి. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల పల్చటి సబ్బు, మెత్తటి బట్ట, అంతే. రేకు పెట్టిన నగకి ఆ నీళ్ళు కూడా వద్దు. కాస్త తడిపి గట్టిగా పిండిన బట్టతో పైపైన అద్ది, వెంటనే పొడిబట్టతో ఒత్తితే చాలు.

రెండోది, తుడవడం. చీర కొంగుతో చటుక్కున తుడిచేస్తాం కదా, అదీ ప్రమాదమే. ఇంట్లో దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలబద్ద మీద 7. టోపాజ్ 8, కాబట్టి రాయికి ఏం కాదు, కానీ పూత అంత గట్టిది కాదు. ముందు నీళ్ళతో దుమ్ము పోనిచ్చి, తర్వాత తుడవాలి.

మూడోది, పెట్టుకోవడం. పౌడరు, సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాక ఆఖర్న పెట్టుకుని, ఇంటికి రాగానే మొట్టమొదట తీసెయ్యాలి. లాకెట్టు, చెవి దిద్దులైతే ఫరవాలేదు, వాటికి రాపిడి తక్కువ. ఉంగరమైతే రోజూ పెట్టుకోకపోవడమే మంచిది. అంట్లు తోమేటప్పుడు, స్విమ్మింగ్ పూల్‌లో దిగేటప్పుడు తప్పకుండా తియ్యాలి. దాచేటప్పుడు విడిగా మెత్తటి సంచిలో పెట్టాలి. అన్ని నగలూ ఒకే డబ్బాలో పడేస్తే పక్కనున్న వజ్రపుటుంగరం దాని పని అది చేస్తుంది.

నాలుగోది, రిపేరు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. కొట్లో అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేసినా, ఆవిరి పట్టించినా, యాసిడ్‌లో ముంచినా, సానపట్టినా, మెరుగు పెట్టినా పూత దెబ్బతినొచ్చు. ఇచ్చేటప్పుడే "ఇది పూత వేసిన రాయి, అడుగున ముట్టుకోకండి" అని నోరు తెరిచి చెప్పాలి. ఒకసారి పోయిన పూతని మన ఊళ్ళో ఎవరూ మళ్ళీ వెయ్యలేరు. రాయి మార్చుకోవడమే దారి. అదృష్టం, అది పెద్ద ఖర్చు కాదు.

కొనేటప్పుడు అడగటం మన హక్కు అని కూడా గుర్తుంచుకోండి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నగల మార్గదర్శకాల ప్రకారం, రాయికి చేసిన మార్పు శాశ్వతం కాకపోయినా, దానివల్ల ప్రత్యేక జాగ్రత్త అవసరమైనా, విలువ బాగా మారినా అమ్మేవాళ్ళు ఆ సంగతి చెప్పాలి. కొన్ని బిల్లుల మీద, కార్డుల మీద రాయి పేరు పక్కన ఇంగ్లీషు అక్షరం 'సీ' ఉంటుంది, అది కోటింగ్‌కి గుర్తు. మా చెల్లెలి కార్డు మీద ఆ ఒక్క అక్షరం కూడా లేదు. ఇక ఇండియాలో 2021 నుంచి హాల్‌మార్కింగ్ విడతలవారీగా తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ హాల్‌మార్క్ చెప్పేది బంగారం స్వచ్ఛత గురించి. అందులో పొదిగిన రాయి గురించి అది ఏమీ చెప్పదు. "హాల్‌మార్క్ ఉందండీ" అనగానే రాయి సంగతి అడగడం మానెయ్యకండి.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ప్రోగ్రాంలో ఎవరికీ అర్థంకాని లైను రాయాల్సి వస్తే పైన ఒక కామెంట్ రాసిపెట్టాలి, 'దీన్ని తీసెయ్యకండి, ఫలానా కారణం' అని. రాయకపోతే ఆరేళ్ళ తర్వాత వచ్చిన బుద్ధిమంతుడెవడో చెత్త అనుకుని శుభ్రం చేసేస్తాడు, మొత్తం కూలిపోతుంది, తిట్లు వాడికి పడతాయి. వాడి తప్పేం లేదు. ఆచారిగారికి జరిగింది సరిగ్గా అదే. ఆ రాయి గురించి డాలస్‌లో కొట్టువాడికి తెలుసు. అక్కణ్ణుంచి ఆ సంగతి చెల్లెలికి రాలేదు, పిన్నికి చేరలేదు, ఆచారిగారి బల్ల మీదికి వెళ్ళే అవకాశమే లేదు. నగ మాత్రం అందరి చేతుల్లోంచీ వెళ్ళింది. ఆఖరున పట్టుకున్న చేతికే మరక అంటింది.

మనం ఇక్కణ్ణుంచి అమ్మలకీ అత్తగార్లకీ నగలు కొని పంపుతూనే ఉంటాం. ఈసారి పంపేటప్పుడు ఒక చిన్న చీటీ రాసి ఆ డబ్బాలో పెట్టండి. తెలుగులో రాయండి, ఇంగ్లీషు కార్డు ఎవరూ చదవరు. "ఇది పూత వేసిన టోపాజ్. రంగు అడుగున ఉంది. సబ్బునీళ్ళు, మెత్తటి బట్ట చాలు. రిపేరుకిస్తే ఈ చీటీ కూడా ఇవ్వండి." నాలుగే వాక్యాలు. రాయి పేరు, బరువు, కొలతలున్న కార్డు కూడా పారెయ్యకుండా అందులోనే ఉంచండి. ఎప్పుడో ఒకరోజు ఆ బరువు అంకె ఎవరో ఒకరి పరువు నిలబెట్టొచ్చు.